దీర్ఘకాలిక కాలేయ వ్యాధిలో రక్తపు ప్రొటీన్ల రిపోర్టును ఎలా చదవాలి?

కాలేయ వ్యాధి ఏళ్ల తరబడి ఉన్నవారి చేతికి లివర్ ఫంక్షన్ టెస్ట్ రిపోర్టు రాగానే చూపంతా బిలిరుబిన్ మీద, ఎస్‌జీపీటీ మీద పడుతుంది. అడుగున ఉన్న ప్రొటీన్ల వరుసలను చాలామంది చదవరు. చదివినవారిలో ఎక్కువమంది తప్పుగా చదువుతారు. ఎస్‌జీపీటీ కాలేయ కణాలు ఎంతగా దెబ్బతింటున్నాయో సూచిస్తుందే తప్ప, మిగిలిన కాలేయం ఎంత పని చేస్తోందో చెప్పదు. బాగా ముదిరిన సిర్రోసిస్‌లో (కాలేయం మచ్చలు పడి గట్టిపడే జబ్బులో) సైతం అది నార్మల్‌గా కనిపించడం మామూలే. పని సంగతి తెలియాలంటే కాలేయం తయారుచేసే సరుకును చూడాలి. ఆ సరుకులో ముఖ్యమైనవి అల్బుమిన్, రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు. వీటిని సరిగా చదవడం వస్తే వైద్యుని దగ్గరకు భయంతో కాక సరైన ప్రశ్నతో వెళ్లవచ్చు. ఈ వ్యాసం ఉద్దేశం అంతవరకే.

కావలసినవి: ఏడాది కాలంలో చేయించిన కనీసం మూడు రిపోర్టులు, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే అంకె) ఫలితాలు, ఒక మూత్ర పరీక్ష, ఉంటే సీఆర్‌పీ (ఒంట్లో వాపు ప్రక్రియను చూపే రక్త పరీక్ష), ఒక గళ్ల కాగితం, పెన్సిలు. యాప్‌లు గీసే రంగుల గ్రాఫులు పనికిరావు. అంకెలను చేత్తో రాసుకోవాల్సిందే. రిపోర్టులన్నీ ఒకే ల్యాబ్‌వి అయి ఉండాలి. అల్బుమిన్‌ను కొలవడానికి కొన్ని ల్యాబ్‌లు బ్రోమోక్రెసాల్ గ్రీన్ అనే రంగును, మరికొన్ని బ్రోమోక్రెసాల్ పర్పుల్‌ను వాడతాయి. మొదటిది ఇతర ప్రొటీన్లకు కూడా కొంత అంటుకుంటుంది కనుక అంకెను కాస్త ఎక్కువ చూపుతుంది. ల్యాబ్ మారినందువల్ల వచ్చిన తేడాను జబ్బు ముదరడంగానో, మందు పనిచేయడంగానో పొరబడినవారిని లెక్కలేనంతమందిని చూశాను.

మొదట తేదీల వారీగా నాలుగు నిలువు వరుసల్లో టోటల్ ప్రొటీన్, అల్బుమిన్, గ్లోబ్యులిన్, ఐఎన్‌ఆర్ రాయండి. డెసిలీటరుకు అల్బుమిన్ సుమారు 3.5 నుంచి 5 గ్రాములు, గ్లోబ్యులిన్ 2 నుంచి 3.5 గ్రాములు ఉండాలి. ఏ/జీ (అల్బుమిన్/గ్లోబ్యులిన్) నిష్పత్తిని మాత్రం రాయవద్దు. ల్యాబ్‌లో గ్లోబ్యులిన్‌ను సాధారణంగా విడిగా కొలవరు, టోటల్ ప్రొటీన్ నుంచి అల్బుమిన్‌ను తీసివేసి వేస్తారు. ఆ తీసివేతతో మళ్లీ భాగహారం చేసి వచ్చిన అంకె చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టడం నాకు ఏనాడూ అర్థం కాలేదు. నిష్పత్తి తగ్గిందంటే పైది తగ్గిందో, కిందిది పెరిగిందో ఎలాగూ వెనక్కి వెళ్లి చూడాల్సిందే.

రెండో పని, టోటల్ ప్రొటీన్‌ను నమ్మకపోవడం. టోటల్ ప్రొటీన్ 7.6, అల్బుమిన్ 2.8, గ్లోబ్యులిన్ 4.8 ఉన్న రిపోర్టును తీసుకోండి. పై వరుస నార్మల్, అసలు కథంతా కింద ఉంది. ఆరోగ్యంగా ఉన్న కాలేయం పేగుల నుంచి వచ్చే బాక్టీరియా శకలాలను వడగడుతుంది. సిర్రోసిస్‌లో అవి కాలేయాన్ని తప్పించుకుని ఒంట్లోకి చేరడంతో రోగనిరోధక కణాలు యాంటీబాడీలను విపరీతంగా తయారుచేస్తాయి. ఆ యాంటీబాడీలే గ్లోబ్యులిన్‌ను పెంచి, తగ్గిన అల్బుమిన్‌ను కప్పిపెడతాయి.

ఇక అందరూ బోల్తాపడే మెట్టు ఒకటే: తగ్గిన అల్బుమిన్‌కు కారణం కాలేయమేనా అని తేల్చుకోవడం. ఇక్కడ తొందర పనికిరాదు.

కాలేయం రోజుకు సుమారు 10 నుంచి 15 గ్రాముల అల్బుమిన్ తయారుచేస్తుంది. తయారైన అల్బుమిన్‌లో సగం తరిగిపోవడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. కనుక నిన్న మొదలైన కాలేయపు దెబ్బ ఇవాళ్టి అల్బుమిన్‌లో కనిపించదు. వారం తిరగకుండానే మళ్లీ పరీక్ష చేయించి 0.2 పెరిగిందని సంబరపడడంలోనూ అర్థం లేదు. పడుకున్న మనిషి నుంచి తీసిన రక్తంలో కంటే కాసేపు నిలబడి తిరిగిన మనిషి రక్తంలో అల్బుమిన్ 10 శాతం వరకు ఎక్కువ కనిపించవచ్చు, ఎందుకంటే నిలబడినప్పుడు రక్తంలోని నీరు కొంత రక్తనాళాల నుంచి బయటకు జారి మిగిలిన రక్తం చిక్కబడుతుంది. అందుకే నా నియమం ఒకటే: ప్రతిసారీ ఉదయమే, పావుగంట కుర్చీలో కూర్చున్న తరువాతే రక్తం ఇవ్వాలి.

అదే వారాల మధ్యలో అల్బుమిన్ ఒక్కసారిగా పడిపోయిందంటే ముందుగా కాలేయాన్ని కాదు, ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి. ఒంట్లో వాపు ప్రక్రియ మొదలైనప్పుడు కాలేయం అల్బుమిన్ తయారీని తగ్గించి సీఆర్‌పీ వంటి ప్రొటీన్ల తయారీకి మళ్లుతుంది, పైగా ఉన్న అల్బుమిన్ రక్తనాళాల గోడల నుంచి కారిపోతుంది. సీఆర్‌పీ బాగా పెరిగి ఉన్నప్పుడు అల్బుమిన్‌ను బట్టి కాలేయంపై తీర్పు చెప్పకూడదు. ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయినప్పుడు రక్తం పలుచబడి కూడా అంకె తగ్గుతుంది.

మూత్రపిండాల సంగతి అన్నిటికన్నా ఎక్కువగా మరుగునపడుతుంది. దీర్ఘకాలంగా హెపటైటిస్ బీ ఉన్న ఒకరి రిపోర్టులో టోటల్ ప్రొటీన్ 5.2, అల్బుమిన్ 2.4, ఐఎన్‌ఆర్ 1.0 చూశాను. ఇంటిల్లిపాదీ సిర్రోసిస్ అని నిశ్చయించుకుని ఉన్నారు. కాలేయం అంతగా చతికిలబడితే ఐఎన్‌ఆర్ మచ్చలేకుండా ఎలా ఉంటుందన్న అనుమానంతో మూత్రం పరీక్షిస్తే, ముంచిన పట్టీ ముదురాకుపచ్చకు తిరిగింది, ప్రొటీన్ మూడు ప్లస్సులు. కాలేయం అల్బుమిన్ తయారుచేస్తూనే ఉంది, అది మూత్రంలో పోతోంది. హెపటైటిస్ బీ మూత్రపిండాలను కూడా దెబ్బతీయగలదు. అందువల్ల మూత్రంలో ప్రొటీన్ చూడకుండా అల్బుమిన్ గురించి ఒక్క మాట కూడా అనవద్దు.

ఈ కారణాలన్నీ తీసేశాక కూడా అల్బుమిన్ నెలల తరబడి దిగుతూనే ఉంటే, అప్పుడు అది కాలేయం మాటే. తీవ్రతను అంచనా వేసే చైల్డ్-పగ్ స్కోరులో 3.5, 2.8 అనే రెండు గీతలు ఉన్నాయి. మీ కాగితంపై వాటిని అడ్డంగా గీసుకోండి.

తరువాత ఐఎన్‌ఆర్. గడ్డకట్టించే ప్రొటీన్లలో ఏడవ ఫ్యాక్టరు కొన్ని గంటల్లోనే తరిగిపోతుంది కనుక ఐఎన్‌ఆర్ తాజా వార్త, అల్బుమిన్ పాత వార్త. పైత్యరసం పేగుల్లోకి సరిగా చేరకపోతే విటమిన్ కె ఒంటబట్టక కూడా ఐఎన్‌ఆర్ పెరుగుతుంది. వైద్యులు విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చాక ఒక రోజులో అది దిగివస్తే తయారీ యంత్రం పాడవలేదని అర్థం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడుతున్నవారు ఈ వరుసను కొట్టివేయాలి.

ఇక ప్రొటీన్ పొడి డబ్బాలు. కాలేయం తయారుచేయలేనిది డబ్బాతో రక్తంలోకి రాదు. అలాగని ప్రొటీన్ మానేయడం అంతకన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే సిర్రోసిస్‌లో కండ త్వరగా కరుగుతుంది. సాధారణంగా శరీర బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ తీసుకోవాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. అల్బుమిన్ సీసాలు ఎక్కించి అంకెను 3 దాటించడానికి 2021లో ప్రచురితమైన అటైర్ అనే అధ్యయనంలో ప్రయత్నించారు. ఆసుపత్రిలో ఉన్న సిర్రోసిస్ రోగులకు మామూలు చికిత్సకు మించిన ప్రయోజనం కలగలేదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరే ముప్పు మాత్రం పెరిగింది. పొట్టలోని నీటిని లీటర్ల కొద్దీ తీసినప్పుడు అల్బుమిన్ ఎక్కించడం వేరే సంగతి, అది తప్పనిసరి.

పొట్టలో నీరు చేరినవారికి మరొక లెక్క ఉంది. రక్తంలోని అల్బుమిన్ నుంచి ఆ నీటిలోని అల్బుమిన్‌ను తీసివేస్తే 1.1 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చినప్పుడు, పేగుల నుంచి కాలేయానికి వెళ్లే సిరలో ఒత్తిడి పెరిగిందని అర్థం. రెండు నమూనాలూ ఒకే రోజు తీసినవై ఉండాలి. రక్తం పోయిన వారానిది, నీరు ఇవాళ్టిది అయితే ఆ తీసివేత చేయకండి, రక్తం మళ్లీ ఇప్పించండి.