అన్నీ మొలలే కావు: లక్షణాన్ని బట్టి ఏం చేయాలి?

మలద్వారం దగ్గర ఏ ఇబ్బంది వచ్చినా మనం పెట్టే పేరు ఒక్కటే, మొలలు. ఎవరికీ చెప్పుకోలేక మెడికల్ షాపులో ఒక ట్యూబు కొనుక్కుని నెలల తరబడి రాసుకుంటాం. అది పనిచేయలేదంటే అక్కడున్నవి మొలలు కాకపోయి ఉండొచ్చు. స్టెరాయిడ్ ఉన్న ట్యూబైతే డాక్టర్ చెప్పకుండా వారం దాటి వాడకూడదు కూడా.

నొప్పి లేదు, ఎర్రటి రక్తం పడుతోంది

కారణం: ఎక్కువగా లోపలి మొలలు. రక్తనాళాలతో నిండిన మెత్తటి కణజాలం మలద్వారం లోపల అందరికీ ఉంటుంది. రోజూ ముక్కుతుంటే అది ఉబ్బి కిందికి జారుతుంది. గట్టి మలం ఒరుసుకుంటే రక్తం వస్తుంది. అక్కడ నొప్పి తెలిపే నరాలు ఉండవు కాబట్టి చూసి భయపడటమే తప్ప బాధ తెలియదు.

పరిష్కారం: మలం మెత్తబడాలి, ముక్కడం మానాలి. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. మన కంచంలో కొండంత తెల్లన్నం, గరిటెడు కూర ఉంటాయి. అన్నం తగ్గించి కూర పెంచండి. ఒక పూట జొన్నరొట్టె, తోటకూర పప్పు, చిక్కుడు, బెండ, సాయంత్రం ఒక జామకాయ. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది, మెల్లగా పెంచుకోవాలి. ఇసబ్‌గోల్ అయితే ఒకటి రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగేయాలి. నీళ్లు చాలకపోతే అదే లోపల బిగుసుకుంటుంది.

కంద తింటే మొలలు పోతాయంటారు. కూరగా తినండి, మందని నమ్ముకోకండి. 'వేడి చేసింది' అన్నదీ అంతే. కారం మంట పెడుతుంది కానీ అసలు కారణం ముక్కడమే. దానికి తోడు ఇప్పుడు ఫోన్. రీల్స్ చూస్తూ అరగంట కమోడ్ మీద కూర్చుంటే ఆ బరువంతా ఆ రక్తనాళాల మీదే పడుతుంది. ఐదు నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయండి. వెస్ట్రన్ కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేసుకోండి, ముక్కే అవసరం తగ్గుతుంది.

పిలక బయటికి వస్తోంది

దానంతటదే లోపలికి పోతే రెండో దశ, వేలితో నెట్టాల్సి వస్తే మూడో దశ, నెట్టినా పోకపోతే నాలుగో దశ. రెండు, మూడు దశల్లో తరచూ చేసేది రబ్బర్ బ్యాండ్ వేయడం. ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదు. పిలక ఎండి వారం పది రోజుల్లో రాలిపోతుంది, అప్పుడు కాస్త రక్తం పడొచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పాలి. నాలుగో దశకు సాధారణంగా ఆపరేషన్ తప్పదు. లేజర్ చేయించుకున్నా, పాత అలవాట్లు మారకపోతే మళ్లీ వస్తాయి.

ఉన్నట్టుండి గడ్డ, కూర్చోలేనంత నొప్పి

బయటి మొలలో రక్తం గడ్డకట్టింది. శనగగింజంత, నీలంగా కనిపిస్తుంది. మొదటి రెండు మూడు రోజులు నరకం. 72 గంటల్లోపు వెళితే సర్జన్ మత్తిచ్చి తీసేయగలరు. ఆ గడువు దాటితే సాధారణంగా దానంతటదే కరిగే వరకు ఆగడమే మేలు. గోరువెచ్చని నీళ్ల టబ్బులో 10-15 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు కూర్చోండి. నీళ్లలో డెటాల్ పోయొద్దు. సూదితో అసలే గుచ్చొద్దు.

బ్లేడుతో కోసినట్టు నొప్పి, ఆ తర్వాత గంటల తరబడి మంట

ఇది మొల కాదు, ఫిషర్, అంటే చీలిక. నొప్పికి కండరం బిగుసుకుంటుంది, దాంతో రక్తప్రసరణ తగ్గి చీలిక మానదు. నొప్పి భయంతో విరేచనం ఆపుకుంటే మలం ఇంకా గట్టిపడుతుంది. పీచు, టబ్బు ఇక్కడా పనికొస్తాయి. వాటితో పాటు కండరాన్ని వదులు చేసే డిల్టియాజెమ్ లాంటి ఆయింట్‌మెంట్ డాక్టర్ రాస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడాలి. నాలుగు రోజులకే హాయిగా ఉందని ఆపేసేవాళ్లే మళ్లీ వస్తుంటారు.

చీము, దురద

చీము కారుతుంటే ఫిస్టులా, అంటే మలద్వారం లోపలి నుంచి పక్క చర్మానికి సొరంగంలా పడ్డ దారి, కావచ్చు. ట్యూబులతో తగ్గదు. జ్వరం, వాపు కూడా ఉంటే ఆ రోజే సర్జన్ దగ్గరికి వెళ్లాలి, షుగర్ ఉన్నవాళ్లు మరీనూ. ఉత్త దురదైతే సబ్బు మానేసి నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది ఆరనివ్వండి. పిల్లలకు రాత్రిళ్లు దురద పెడితే నులిపురుగులేమో చూడండి.

వీటికి మాత్రం ఆగొద్దు

మలం తారులా నల్లగా వస్తే అది మొలల రక్తం కాదు, పైన కడుపులో ఎక్కడో కారుతోంది. ఐరన్ మాత్రలతోనూ నలుపు వస్తుంది కాబట్టి ఆ సంగతీ చెప్పండి. రక్తం మలంలో కలిసి రావడం, బరువు తగ్గడం, విరేచనం తీరు మారడం, 45 దాటాక తొలిసారి రక్తం కనిపించడం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం, వీటిలో ఏదున్నా కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగును చూసే పరీక్ష, అవసరం పడొచ్చు. మొలలు ఉన్నాయని తేలినా సరే.

గోడల మీద 'ఆపరేషన్ లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో' అని రాసి ఉండే, డిగ్రీ లేని వైద్యుల జోలికి పోకండి. వాళ్లు గుచ్చే మందుతో మలద్వారం ఇరుకై, ఆ తర్వాత చేయించుకునే వైద్యం ఇంకా కష్టం కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి సర్జరీ ఓపీలో వేలితో, చిన్న గొట్టంతో చూసే పరీక్ష కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆడవాళ్లు లేడీ డాక్టర్ కావాలని అడగొచ్చు, లేకపోతే పక్కన నర్సు ఉండాలని చెప్పొచ్చు.