మోటారు తడవని బుల్లి అక్వేరియం పంపు

నేను చేసిన మొదటి పంపు మూడో రోజే ఆగిపోయింది. బొమ్మ కారు మోటారును మాత్రల డబ్బాలో పెట్టి, ఇరుసు బయటికొచ్చే రంధ్రంలో గ్రీజు కూరి, మిగతాదంతా సిలికాన్‌తో మూసి నీళ్లలో ముంచాను. డబ్బా విప్పితే రాగి తీగ చుట్టూ ఆకుపచ్చగా చిలుము. ఆ వారమే తొట్టిలోని నాలుగు చెర్రీ రొయ్యలు (అక్వేరియంలో పెంచే బుల్లి ఎర్ర రొయ్యలు) చచ్చిపోయాయి. రాగి రొయ్యలకూ నత్తలకూ విషం. చేపలు కొంత తట్టుకుంటాయి గానీ వాటికీ మంచిది కాదు.

తిరిగే ఇరుసు పక్క నుంచి నీరు చొరబడకుండా చూడటం ఇంట్లో ఉన్న సామానుతో అయ్యే పని కాదని అప్పుడు అర్థమైంది. అందుకే రెండోసారి మోటారును అసలు నీళ్లలోకే దించలేదు. మోటారు తొట్టి పైన, రెక్కల చక్రం నీళ్లలో, రెంటినీ కలుపుతూ ఒక కడ్డీ. ఇందులో సీలే లేదు కాబట్టి కారేదీ లేదు.

మోటారుగా పాత కంప్యూటర్ కూలింగ్ ఫ్యాన్ తీసుకోండి. 40 లేదా 60 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాన్ చాలు. బొమ్మ మోటారులో బ్రష్‌లు అరిగిపోతాయి, రాత్రీ పగలూ తిప్పితే ఎక్కువ కాలం నిలవదు. ఫ్యాన్‌లో బ్రష్‌లే ఉండవు, పైగా చప్పుడు తక్కువ. రెక్కలన్నీ కటింగ్ ప్లయర్‌తో మొదలంటా తెంపేసి, మధ్యలో ఉండే బోర్లించిన గిన్నెలాంటి భాగం మాత్రం ఉంచండి. తెంపిన చోట్లు గరుకు కాగితంతో సాపు చేయండి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ మిగిలితే తర్వాత అదే వణుకుతుంది.

ఈ ఫ్యాన్ ఒక్క దిశలోనే తిరుగుతుంది. ఎర్ర తీగ ప్లస్, నల్లది మైనస్. తిరగేసి కలిపితే వెనక్కి తిరగదు, అసలు తిరగదు. కాబట్టి పంపు గది చేయకముందే ఫ్యాన్‌ను బోర్లించి, పై నుంచి చూస్తే ఎటు తిరుగుతోందో స్కెచ్ పెన్నుతో బాణం గుర్తు వేసుకోండి. నేను వేసుకోలేదు. నీళ్లు బయటికొచ్చే గొట్టాన్ని తప్పు వైపు అతికించి, మళ్లీ పీకాల్సి వచ్చింది.

కడ్డీకి విరిగిన గొడుగు పనికొస్తుంది. చాలా గొడుగుల్లో ఇప్పుడు ఫైబర్ ఊచలే ఉంటున్నాయి, దాదాపు 3 మిల్లీమీటర్ల మందం. తుప్పు పట్టవు, తేలిక. ఇనుము వద్దు, జింకు పూత ఉన్నదీ వద్దు. 12 సెంటీమీటర్ల ముక్క కోసుకుని, కొనలకు సూపర్ గ్లూ పూయండి, లేకపోతే నూగు లేచి వేళ్లలో గుచ్చుకుంటుంది.

ఇక అసలు ఓపిక పరీక్ష, ఆ కడ్డీని గిన్నెకు సరిగ్గా నడిమధ్యన నిలబెట్టడం. అర మిల్లీమీటరు పక్కకు పోయినా కింది కొన గిరగిరా కొట్టుకుంటుంది. నా పద్ధతి ఇది. ఫ్యాన్‌ను తక్కువ వోల్టేజీలో తిప్పుతూ, పెన్సిల్ మొనను గిన్నె మీద మెల్లగా ఆనించి మధ్యకు జరుపుతూ వెళ్లాలి. గీస్తున్న సున్నా చిన్నదవుతూ చివరికి చుక్కగా మారిన చోటే కేంద్రం. ఫ్యాన్ ఆపి, అక్కడ పిన్నుతో గుర్తు పెట్టి, గిన్నెకు బయట ఒక ప్లాస్టిక్ ముక్క అతికించి అందులో రంధ్రం చేసి, కడ్డీని ఎపాక్సీ జిగురుతో నిలపండి. గిన్నెనే తొలిచేయకండి, లోపల అయస్కాంతం, తీగచుట్టలు ఉంటాయి. ఎపాక్సీ గట్టిపడకముందే గిన్నెను చేత్తో తిప్పి చూస్తూ కొనను సర్దుకోండి. నాకు మూడు ప్రయత్నాలు పట్టింది.

పంపు గదికి వెడల్పు మూతి జ్యూస్ సీసా మూత చాలు. లోపల సుమారు 38 మిల్లీమీటర్లు ఉండాలి. మూతను గిన్నెలా వెల్లకిలా పెట్టి, అడుగున మధ్యలో 8 మిల్లీమీటర్ల రంధ్రం చేయండి. నీళ్లు లోపలికొచ్చే దారి అదే. పక్క గోడకు, బాణం చూపే దిశలోనే నీళ్లు జారిపోయేలా, పెన్ను గొట్టం ముక్కను ఏటవాలుగా అతికించండి. రెక్కల చక్రం కోసం ప్లాస్టిక్ డబ్బా నుంచి 26 మిల్లీమీటర్ల బిళ్ల కోసి, కింది వైపు 6 మిల్లీమీటర్ల ఎత్తున నాలుగు నిటారు రెక్కలు పెట్టండి. వంపు రెక్కలు మేలే గానీ ఇంత చిన్నదానికి ఆ శ్రమ దండగ. గది పైన మరో ప్లాస్టిక్ బిళ్ల మూత, దాని మధ్యలో కడ్డీకి కాస్త వదులుగా ఉండే రంధ్రం. అక్కడి నుంచి కొన్ని చుక్కలు పైకి వచ్చినా తొట్టిలోకే పోతాయి. కడ్డీ ఊగకుండా పట్టుకునేదీ ఆ రంధ్రమే.

ఫ్యాన్ చట్రానికీ గదికీ మధ్య పీవీసీ గొట్టం ముక్క పెట్టి, దాని గోడకు నాలుగైదు రంధ్రాలు చేయండి. నీటి మట్టం నుంచి ఫ్యాన్ 4 సెంటీమీటర్లయినా పైన ఉండాలి. కడ్డీ వెంట తడి పైకి పాకుతుంది కాబట్టి, నీటికి పైన కడ్డీకి ఒక చిన్న రబ్బరు బిళ్ల గుచ్చండి. పాకిన చుక్కను అది విసిరేస్తుంది. గొడుగు ఊచకు మళ్లీ ఓ గొడుగు!

నీళ్లు తగిలే చోట సిలికాన్ వాడితే బూజు నిరోధక మందు కలపనిదే వాడాలి, పూర్తిగా ఆరనివ్వాలి. వెనిగర్ వాసన పోలేదంటే ఇంకా ఆరలేదనే.

కరెంటు విషయంలో రాజీ పడొద్దు. గోడ ప్లగ్గులో పెట్టేది మంచి అడాప్టర్ అయి ఉండాలి, ఫ్యాన్‌కు వెళ్లేది 12 వోల్టులు దాటకూడదు. నేను 9లో నడుపుతున్నాను. 5 వోల్టులకు కొన్ని ఫ్యాన్లు కదలవు. అడాప్టర్‌ను తొట్టి కింద గానీ మూత మీద గానీ పెట్టకండి. తీగ కిందికి వేలాడి, మళ్లీ పైకి లేచి ప్లగ్గును చేరాలి, అప్పుడు తీగ వెంట జారిన నీరు ఆ వంపులోనే రాలిపోతుంది. తొట్టిలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకేయండి.

తొట్టిలో పెట్టేముందు బకెట్‌లో ఒక రోజంతా నడపండి. ధార కొలవడానికి పలుచటి ప్లాస్టిక్ సంచిని గాలి లేకుండా నొక్కి, నీళ్లలోనే గొట్టం మూతికి తొడిగి 30 సెకన్లు ఆగి, సంచిలోని నీళ్లు కొలవండి. నాకు 700 మిల్లీలీటర్లు వచ్చింది, అంటే గంటకు 84 లీటర్లు. మా తొట్టి 18 లీటర్లది, కాబట్టి గంటలో నాలుగున్నర సార్లకు పైనే తిరుగుతుంది. చిన్న తొట్టికి నాలుగైదు సార్లు బాగానే సరిపోతుంది. బెట్టా లాంటి పొడవు రెక్కల చేప ఉంటే వోల్టేజీ తగ్గించండి, లేదా ధారను అద్దం వైపు తిప్పండి. నీటి పైభాగం సన్నగా కదిలితే గాలి కలుస్తుంది, సుడులు తిరగక్కర్లేదు.

నీళ్లు పీల్చే రంధ్రం కింద స్పాంజి తప్పనిసరి, లేకపోతే గప్పీ చేపపిల్లలు లోపలికి పోతాయి. దాన్ని కుళాయి నీళ్లలో కడక్కండి, మేలు చేసే బాక్టీరియా క్లోరిన్‌కు చచ్చిపోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. ధార సన్నబడితే నేను ముందు స్పాంజి చూస్తాను, తర్వాత రెక్కల చక్రం. మొన్న ఆగిపోతే మోటారు కాలిపోయిందనుకుని టెన్షన్ పడ్డాను. విప్పి చూస్తే గదిలో పెసర గింజంత నత్తపిల్ల. తీసి నీళ్లలో వదిలితే కాసేపటికి అద్దం ఎక్కడం మొదలుపెట్టింది.