కారు కింద బోల్టులు: ఇంట్లో బిగించే ముందు

వానలు మొదలయ్యేలోపు లోయర్ ఆర్ములు (చక్రాన్ని కారు కింద ఛాసిస్‌కి, అంటే ఇనుప చట్రానికి, కలిపే కడ్డీలు), వాటి చివర చక్రం వైపుండే బాల్ జాయింట్లు, కుదుపుల్ని అణిచే షాక్ అబ్జార్బర్లు మార్చేసుకుందామని చాలామంది అనుకుంటారు. మంచి ఆలోచనే. గుంతల్లో నీళ్ళు నిలిచాక లోతెంతో తెలీదు, దెబ్బంతా ముందు చక్రాల మీదే పడుతుంది. సామాను ఆన్‌లైన్లో దొరుకుతోంది, పానాలూ కొనుక్కోవచ్చు, ఓపికుంటే ఆదివారం ఇంట్లోనే పని అయిపోతుంది. అయితే ఇలాంటి పని చెడేది విప్పేటప్పుడు కాదు, బిగించేటప్పుడు. సాయంత్రానికి ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది, వెలుతురు తగ్గుతుంది, పైపు తొడిగి ఇంకొంచెం లాగేస్తే పోలా అనిపిస్తుంది. గట్టిగా బిగించడం వేరు, సరిగ్గా బిగించడం వేరు.

ముందు మీ ప్రాణం సంగతి. కారుతో పాటు ఇచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద నిలబెట్టిన కారు కిందకి చెయ్యి కూడా పెట్టొద్దు. జాకీతో ఎత్తిన కారుని నిలబెట్టే జాక్ స్టాండ్లు రెండు కొనండి, మాన్యువల్లో చూపించిన చోటే పెట్టండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలు వద్దు, అవి ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా పగిలిపోతాయి. మట్టి నేల మీద స్టాండు కాళ్ళు దిగబడతాయి కాబట్టి గచ్చు మీదే పని చెయ్యండి. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. విప్పిన చక్రాన్ని కారు అంచు కిందకి పడుకోబెట్టి తోసేయండి, స్టాండు జారినా కారు నేలకి రాదు. పడుకునే ముందు కారుని గట్టిగా ఒకసారి ఊపి చూడండి. ఊగితే దించి మళ్ళీ నిలబెట్టండి. మొండి బోల్టు మీద పానాని తోయొద్దు, మీ వైపుకి లాగండి. తోసేటప్పుడు పానా జారితే వేళ్ళు వెళ్ళి ఇనుముకి కొట్టుకుంటాయి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో కారు కింద బోల్టులు తుప్పు పట్టి మొరాయిస్తాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. బోల్టులు బయటికొచ్చాక వాటి మరల్ని, అంటే చుట్టూ మెలికగా ఉండే గాడుల్ని, వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, నూనె పూర్తిగా తుడిచెయ్యండి. ఇది చాదస్తం కాదు. మీరు పానా మీద పెట్టే బలంలో సుమారు పదో వంతు మాత్రమే బోల్టుని సాగదీసి భాగాలని నొక్కి పట్టడానికి పనికొస్తుంది. మిగతాదంతా మరల దగ్గర, బోల్టు తల కింద రాపిడికే పోతుంది. నూనె, గ్రీజు తగిలితే ఆ రాపిడి తగ్గిపోతుంది. అప్పుడు పానా అదే అంకె చూపిస్తున్నా బోల్టు మాత్రం చాలా ఎక్కువ సాగిపోతుంది. మాన్యువల్ నూనె రాయమని చెప్పని చోట రాయొద్దు.

టార్క్ అంటే బోల్టుని తిప్పే బలం. మనం పెట్టిన అంకె దగ్గరికి ఆ బలం రాగానే 'టక్'మనే పానా టార్క్ రెంచ్, అది లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. కొన్నాక దాని పద్ధతి పాటించండి. పిడి మధ్యలో పట్టుకుని, కుదుపులు లేకుండా, నెమ్మదిగా లాగండి. మొదటి 'టక్' దగ్గర ఆపండి. నమ్మకం కోసం ఇంకో రెండు టక్కులు కొట్టిస్తే ప్రతిసారీ కొంత అదనంగా బిగుస్తుంది. విప్పడానికి దాన్ని వాడొద్దు. పని అయ్యాక అంకెని కనిష్ఠానికి తిప్పి పెట్టెలో పెట్టండి. గాలి గన్నుతో (గాలి ఒత్తిడితో నట్టులు తిప్పే మిషనుతో) చివరి బిగింపు ఎప్పుడూ చెయ్యొద్దు.

అంకె మీ కారు సర్వీసు మాన్యువల్లోంచే తీసుకోండి, ఎవరో చెప్పిన లెక్క వద్దు. ప్రమాణం కూడా చూసుకోండి. అమెరికా వీడియోల్లో ఫుట్ పౌండ్లలో చెబుతారు, మన పుస్తకాల్లో న్యూటన్ మీటర్లు ఉంటాయి, పాతవాటిలో కిలోగ్రామ్ మీటర్లు. ఒక ఫుట్ పౌండ్ అంటే 1.36 న్యూటన్ మీటర్లు, ఒక కిలోగ్రామ్ మీటరు అంటే 9.8. వంద న్యూటన్ మీటర్ల బోల్టుని వంద ఫుట్ పౌండ్లకి బిగిస్తే మూడో వంతుకి పైగా ఎక్కువ లాగినట్టే. అమెరికాలో ఉండి ఇంటి ముందే కారు బాగుచేసుకునే మనవాళ్ళు ఈ మాట మరీ గుర్తుపెట్టుకోవాలి, రెంచ్ మీద రెండు వరుసల అంకెలూ పక్కపక్కనే ఉంటాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కువమంది వదిలేసేది: రబ్బరు బుష్‌ల బోల్టులు.

లోయర్ ఆర్మ్ ఛాసిస్‌కి కలిసే చోట బుష్ ఉంటుంది కదా. మధ్యలో ఇనుప గొట్టం, చుట్టూ దానికి అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగించగానే ఆ గొట్టం ఛాసిస్‌కి పట్టేసి, ఇక తిరగదు. ఆర్మ్ పైకీ కిందకీ కదిలినప్పుడల్లా మెలితిరిగేది రబ్బరే. కారు స్టాండ్ల మీద ఉండగా ఆర్మ్‌కి చక్రం వైపు చివర కిందకి వేలాడుతుంది. ఆ స్థితిలోనే బిగించేశారనుకోండి, కారు దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలిపడి, కారు ఆగి ఉన్నప్పుడు కూడా అలాగే ఉండిపోతుంది. కొత్త బుష్ కొన్నాళ్ళకే చీలుతుంది. సామాను నాసిరకమని కొట్టువాణ్ణి తిడతాం గానీ, తప్పు బిగింపులో ఉంటుంది.

ఇంట్లో చెయ్యాల్సింది ఇది. కారు ఎత్తకముందే, నాలుగు చక్రాలూ నేల మీద ఉండగా, చక్రం మధ్య నుంచి దాని పైనున్న ఫెండర్ అంచు వరకు టేపుతో కొలిచి రాసుకోండి. అన్నీ బిగించాక బుష్ బోల్టుల్ని మాత్రం చేత్తో ఆనేవరకు తిప్పి వదిలేయండి. ఆ తర్వాత స్టాండ్లు కదపకుండానే, ఆర్మ్ చివర బాల్ జాయింట్ దగ్గర రెండో జాకీ పెట్టి, హబ్ (చక్రం బిగించే భాగం) మధ్య నుంచి ఫెండర్ వరకు మీరు రాసుకున్న కొలత వచ్చేదాకా నెమ్మదిగా ఎత్తండి. అప్పుడు టార్క్ వెయ్యండి. కారు స్టాండు మీద నుంచి లేవబోతుంటే ఆపెయ్యండి. యాంటీ రోల్ బార్ (రెండు వైపుల చక్రాల ఆర్ములనీ కలిపే కడ్డీ) లింకు ఆ వైపు విప్పి ఉంచితే ఎత్తడం తేలిక, లేకపోతే వేలాడే రెండో వైపు అడ్డుపడుతుంది. బాల్ జాయింట్ నట్టుకి ఈ గొడవ లేదు, దాన్ని గాల్లోనే బిగించొచ్చు.

బాల్ జాయింట్ నట్టుకి గాట్లుండి, నట్టు వదులు కాకుండా రంధ్రంలో దూర్చే స్ప్లిట్ పిన్ పడేదైతే, చెప్పిన టార్క్‌కి తెచ్చాక గాటూ రంధ్రమూ కలవకపోతే బిగించే వైపుకే తిప్పండి, వెనక్కి వదలొద్దు. పిన్ కొత్తదే వెయ్యండి. నైలాన్ రింగున్న నట్టులు ఒకసారి విప్పితే పట్టు తగ్గుతాయి, మార్చెయ్యండి. కొన్ని కార్లలో బోల్టు అంకె తర్వాత '90 డిగ్రీలు' అని ఉంటుంది. ముందు టార్క్ వేసి, బోల్టు తల మీద తెల్ల పెయింటు గీత పెట్టి, ఆపైన పావు చుట్టు తిప్పాలి. ఇవి సాగేలా చేసిన బోల్టులు, చాలావరకు మళ్ళీ వాడకూడదు.

బోల్టు పోతే హార్డ్‌వేర్ షాపులో సైజు చూసి తెచ్చేయకండి. తల మీద 8.8, 10.9 అని ఉంటుంది, ఎక్కువ అంకె ఎక్కువ బలం. 10.9 ఉన్న చోట 8.8 పెట్టకూడదు. మెరిసే స్టెయిన్‌లెస్ బోల్టు బలమైనదని నమ్మొద్దు. 10 మిల్లీమీటర్ల బోల్టులోనే 1.25 పిచ్, 1.5 పిచ్ (మరల మధ్య దూరం, మిల్లీమీటర్లలో) ఉంటాయి, చూపుకి తేడా తెలీదు. అందుకే ఏ బోల్టునైనా కనీసం మూడు నాలుగు చుట్లు వేళ్ళతోనే తిప్పండి. మొదట్లోనే బిగుసుకుంటే అడ్డంగా ఎక్కుతున్నట్టే, తీసి మళ్ళీ పెట్టండి. ఛాసిస్‌లో వెల్డు చేసిన నట్టు మర పోతే ఇంట్లో దాన్ని బాగుచేసుకోవడం చాలా కష్టం.

బిగించిన ప్రతి బోల్టు మీదా నట్టు నుంచి ఛాసిస్ మీదకి కలిసేలా పెయింటు గీత గియ్యండి. వీల్ నట్టులు నక్షత్రం వరుసలో బిగించి, కారు దించాక టార్క్ వేసి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూడండి. అదే సమయంలో కిందకి టార్చి వేసి గీతలు విడిపోయాయేమో చూసుకోండి. మొదటిసారి బండి తీసినప్పుడు ఇంటి దగ్గర్లోనే నెమ్మదిగా తిప్పి, బ్రేకు వేసి చూడండి. 'టక్'మని శబ్దం వచ్చినా, స్టీరింగు ఒక పక్కకి లాగినా వెనక్కి తెచ్చేయండి. అంతా బాగుంటే, హైవే ఎక్కక ముందే వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించండి.