డైనో మీద కారును ఏ గేరులో పరీక్షించాలి?

రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించిన ప్రతి కుర్రాడూ డైనో, అంటే చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం, ఇచ్చిన గ్రాఫ్ ఫోన్‌లో పట్టుకొని నా షెడ్డుకు వస్తాడు. ‘అన్నా, టార్క్ (ఇంజన్ తిప్పే బలం) ఎంత పెరిగిందో చూడు!’ అంటాడు. నేను అడిగేది ఒకటే: ఏ గేరులో తీశారు? అక్కడే నోరు పడిపోతుంది.

ముందు చిల్లర పనులు. నల్గొండ నుంచి హైదరాబాద్‌లోని డైనో షాపు దాకా బండి నడిపే తీసుకెళ్తారు కాబట్టి ఇంజన్, గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కే ఉంటాయి, మంచిదే. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉండాలి. ట్రెడ్‌లో ఇరుక్కున్న కంకర తీసేయండి. ఏసీ, ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారితే పవర్ తగ్గించేది) బంద్ చేయండి. బండి ముందు పెద్ద ఫ్యాన్ లేకపోతే, మన ఎండలకు ఆ షాపు నుంచి అటే తిరిగి వచ్చేయండి. బండి కదలకుండా కట్టే బెల్టులు బిగించడం వాళ్ల పని, కానీ ఒకసారి లాగి చూడండి.

ఇక గేరు. ఐదు గేర్ల మాన్యువల్ అయితే నాలుగోది వేయండి. మూడోదానిలో ఇంజన్ రయ్యిమని లేస్తుంది. అంత తొందరగా ఫ్లైవీలు, షాఫ్టులను తిప్పడానికే కొంత పవర్ ఖర్చయిపోయి చక్రం దగ్గర తక్కువ చూపిస్తుంది. టర్బో బండ్లలో బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పూర్తిగా అందేలోపే రన్ అయిపోతుంది. పైగా చక్రం మీద బలం ఎక్కువై టైరు రోలర్ మీద జారుతుంది.

మరి ఐదోది? లెక్క వేసి చూడండి. 185/65 ఆర్15 టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 1.95 మీటర్లు. ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత చక్రాలకు ముందుండే చివరి గేరు జత) నిష్పత్తి 4.1, నాలుగో గేరు నిష్పత్తి 0.97 అనుకుంటే, ఇంజన్ 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర వేగం గంటకు 176 కిలోమీటర్లు. ఐదోది 0.76 అయితే 225 దాటుతుంది. టైరు పక్కన ‘టి’ అని ఉంటే దాని హద్దు 190. కదలకుండా నిలబడిన బండి కింద టైరు పేలితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

నిష్పత్తి 1:1కి (ఇంజన్ ఒక చుట్టు తిరిగితే గేర్‌బాక్స్ అవతలి షాఫ్టూ ఒక చుట్టే) దగ్గరగా ఉన్న గేరు వేయాలని అందరూ చిలకల్లా చెబుతారు. ఎందుకో చెప్పరు. బొలెరో, స్కార్పియో లాంటి వెనక చక్రాల బండ్లలో 1:1 గేరు వేస్తే ఇన్‌పుట్, అవుట్‌పుట్ షాఫ్టులు నేరుగా కలిసిపోతాయి. మధ్యలో పళ్ల చక్రాల జత బరువు మోయదు, నష్టం తక్కువ. ముందు చక్రాల చిన్న కార్లలో ఆ సౌకర్యం లేదు, ఏ గేరైనా పళ్ల జత మీదుగానే పోవాలి. అక్కడ నాలుగోది ఎంచుకునేది వేగం, లోడు రెండూ మధ్యస్థంగా ఉంటాయని. ఆరు గేర్ల బండికి నాలుగో ఐదో కంపెనీ పట్టిక చూసి తేల్చుకోండి, పక్కవాడి మాట నమ్మకండి.

అసలు గోతిలో పడేది ఇప్పుడు. చాలా డైనోలు రన్‌కు ముందు ఒకసారి ఆర్‌పీఎం లెక్క సరిచేసుకుంటాయి: ఇంత రోలర్ వేగానికి ఇంత ఇంజన్ వేగం అని. ఆ తర్వాత గేరు మారిస్తే ఆ లెక్క చెల్లదు. పవర్ అంకె పెద్దగా మారదు, ఎందుకంటే అది రోలర్ దగ్గరే కొలిచింది. టార్క్ మాత్రం ఆ పవర్‌నూ ఆర్‌పీఎంనూ బట్టి లెక్కగట్టేది, కాబట్టి తలకిందులవుతుంది.

దేవరకొండ నుంచి వచ్చిన ఒక తమ్ముడి షీట్లు చూశాను. రీమ్యాప్‌కు ముందు నాలుగో గేరు, తర్వాత మూడోది, మధ్యలో లెక్క సరిచేయలేదు. టార్క్ మూడో వంతు పెరిగినట్టు గీత. పెట్రోల్ బండి గ్రాఫ్ 4,500 దగ్గరే ఆగిపోయింది. ‘నీ ఇంజన్ 6,000 దాకా పోతుంది కదా, మిగతాది ఎక్కడ పోయింది తమ్మీ?’ అన్నాను. మూడో గేరు నిష్పత్తి 1.28ని నాలుగోదాని 0.97తో భాగిస్తే 1.32. పెరిగిందంతా అదే! నిన్న ఎండిన వడ్లు తూచి, ఇవాళ తడివి తూచి దిగుబడి పెరిగిందంటే వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో ఒప్పుకుంటారా?

కాబట్టి రీమ్యాప్‌కు ముందూ తర్వాతా ఒకే గేరు, ఒకే డైనో, ఒకే కరెక్షన్ (వాతావరణాన్ని బట్టి అంకెకు చేసే సవరణ). గేరు మార్చక తప్పకపోతే ఆర్‌పీఎం మళ్లీ సరిచేయించండి.

రన్ మొదలయ్యేటప్పుడు 2,000 దగ్గర నిలకడగా ఉంచి అప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టినా కొన్ని పెడల్ అడుగుకు పోగానే గేరు దించేస్తాయి, ఆ రన్ పారేయండి. డ్యూయల్ క్లచ్ బండ్లలో కొన్నింటికి రెండు ఫైనల్ డ్రైవ్‌లు ఉంటాయి, గేరు నిష్పత్తి ఒక్కటే చూస్తే మోసపోతారు. సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) బండిని డైనో ఎక్కించడమే నాకు నచ్చదు.

షీటు మీద గేరు నంబరు పెన్నుతో రాయించుకోండి. రాయడానికి నసిగితే, అది రాశాకే డబ్బులు తీయండి.