సిక్కోలు గ్రాఫు తేడా కొడితే: సమస్య - పరిష్కారం

శ్రీకాకుళం, విజయనగరం అంకెలతో గ్రాఫు గీస్తే ఏదో ఒకచోట తేడా కొడుతుంది. అంకె తప్పని కొట్టిపారేసే ముందు దాన్ని ఎలా లెక్కపెట్టారో చూడండి. ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి.

సమస్య: 2022 దగ్గర శ్రీకాకుళం జనాభా గీత గోతిలో పడింది

2011 జనగణనలో 27.03 లక్షలున్న జిల్లాకు ఇప్పుడు 21.91 లక్షలని రాస్తున్నారు. ఐదు లక్షల మంది ఏమైపోయినట్టు?

కారణం: జనం ఇళ్లలోనే ఉన్నారు, పక్కకి జరిగింది గట్టు, అంటే జిల్లా సరిహద్దు. 2022 ఏప్రిల్ 4న పాలకొండ వైపు మండలాలు పార్వతీపురం మన్యంలోకి, రాజాం వైపువి విజయనగరంలోకి వెళ్లాయి. తమాషా ఏమిటంటే ఆ 21.91 లక్షలూ 2011 లెక్కే. 2021లో జరగాల్సిన జనగణన జరగకపోవడంతో పాత అంకెల్నే కొత్త గట్ల ప్రకారం మళ్లీ కూడారు. అంటే మీరు గీసిన ‘తగ్గుదల’కి రెండు కొసలూ ఒకే ఏడాదివి!

శాతాలైతే గట్టు దెబ్బ తగలదనుకునేరు. సాలూరు, కురుపాం వైపు మండలాలు విడిపోయాక, కొత్తగా ఒక్కరు కూడా బడికి వెళ్లకపోయినా విజయనగరం అక్షరాస్యత శాతం మారిపోతుంది. ఆ మార్పుని ఎవరైనా ఘనతగా చెప్పుకుంటే నవ్వి ఊరుకోండి.

పరిష్కారం: జిల్లా మొత్తాన్ని పక్కనపెట్టి మండలాల అంకెలు తీయండి. అన్ని సంవత్సరాలకీ అవే మండలాలు కూడండి. మండలాల వారీగా దొరక్కపోతే 2022 దగ్గర గీత తెంపేయండి, కలపొద్దు. ఇంకా వెనక్కి వెళ్తే 1979 జూన్ 1 (విజయనగరం పుట్టింది), 1950 ఆగస్టు 15 (విశాఖ నుంచి శ్రీకాకుళం విడిపోయింది) దగ్గర కూడా తెంపాల్సిందే.

సమస్య: 2011 లెక్కలో వెయ్యి మంది మగవాళ్లకి శ్రీకాకుళంలో 1015, విజయనగరంలో 1019 మంది ఆడవాళ్లు. ‘ఆడపిల్లలకు ఆదరణ’ అని శీర్షిక పెట్టేయొచ్చా?

కారణం: ఆడవాళ్ల ఆయుష్షు కొంత, వలస కొంత. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇల్లిల్లూ తిరిగి లెక్క రాశారు. ఆ ఇరవై రోజులూ ఊళ్లో లేనివాణ్ణి ఉన్నచోటే రాస్తారు. ఫిబ్రవరంటే గుజరాత్ తీరంలో వేట సాగే కాలం. వీరావల్‌లో బోటు మీదున్న మన మత్స్యకారుడు అక్కడి లెక్కలో పడతాడు, ఇంటావిడ ఇక్కడి లెక్కలో.

పరిష్కారం: 0-6 ఏళ్ల పిల్లల నిష్పత్తి విడిగా చూడండి. రెండు జిల్లాల్లోనూ అది వెయ్యికి దిగువనే ఉంది. శీర్షిక అక్కడే మారిపోతుంది.

సమస్య: ఉద్దానం కిడ్నీ జబ్బు మీద రెండు సర్వేలు, రెండు శాతాలు

కారణం: రెండూ నిజమే కావచ్చు. ఒకరు క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన, రక్తంలోని వ్యర్థం) ఇంత దాటితే రోగి అంటారు, ఇంకొకరు ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు వడకట్టే వేగం అంచనా) 60 కంటే తగ్గితే అంటారు. దీర్ఘకాలిక జబ్బు అనాలంటే ఆ తేడా కనీసం మూడు నెలలు నిలవాలి. జీడితోటలో పొద్దంతా చెమటోడ్చి, నీళ్లు తాగక వచ్చిన మనిషికి ఆ పూట క్రియాటినిన్ ఎక్కువ చూపించొచ్చు. ఒక్క పరీక్షతో సరిపెట్టిన సర్వే అతన్ని కూడా కలిపేస్తుంది. ఇక శిబిరం పెడితే ముందుగా వచ్చేది నడుం నొప్పో, కాళ్ల వాపో ఉన్నవాళ్లు. అక్కడ తేలిన శాతాన్ని ఉద్దానంలోని కవిటి మండలం మొత్తానికి అంటగట్టడం నాకు మహా చిరాకు.

పరిష్కారం: ఎవరిని ఎంచారు, ఏ గీత దాటితే రోగి అన్నారు, ఎన్నిసార్లు పరీక్షించారు అనే మూడూ గ్రాఫు కిందే రాయండి. మూడూ కలవని సర్వేల్ని ఒకే గీతలో గుచ్చొద్దు. కేసులు ఏటేటా పెరుగుతున్నట్టు కనిపిస్తే పక్కనే పరీక్షల సంఖ్య కూడా గీయండి. రెండూ ఒకే వాలులో ఎక్కుతుంటే పెరిగింది జబ్బో, వెతుకులాటో ఆ గ్రాఫు చెప్పలేదు.

సమస్య: తిత్లీ వాన తేదీ కుదరడం లేదు

కారణం: తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. వాతావరణ శాఖ ‘రోజు’ ఉదయం 8.30కి ముగుస్తుంది. 10న పగలు పడిన వాన కూడా 11 ఖాతాలోకే వెళ్తుంది. 11న 8.30 తర్వాత పడింది 12లోకి.

పరిష్కారం: తేదీ పక్కన ‘ఉదయం 8.30తో ముగిసిన 24 గంటలు’ అని రాస్తే చాలు. వానల రంగుల మ్యాపులో ఇంకో చిక్కుంది: మామూలుగా పడాల్సిన వాన కంటే లోటు 19 శాతమైతే ‘సాధారణం’ రంగు, 20 అయితే ‘లోటు’ రంగు. ఒక్క శాతం తేడాకి పక్కపక్క జిల్లాలు వేరువేరు లోకాల్లా కనబడతాయి. అందుకే రంగు మీద అంకె కూడా అచ్చువేయండి.