అరచేతిలో పట్టే హోవర్ ట్యాంకులకు నాలుగు రంగుల కామఫ్లాజ్

నిజం ట్యాంకుకు కామఫ్లాజ్ వేసేది కంటికి ఆనకుండా ఉండాలని. 1/285 స్కేలు (నిజం దానిలో 285వ వంతు) బొమ్మ మీదా అదే చేస్తే, మూడున్నర సెంటీమీటర్ల ట్యాంకు ఆట బల్ల మీద మట్టిముద్దలా మిగులుతుంది. ఇక్కడ మచ్చ మచ్చలాగే కనబడాలి, దాని కింద బండి ఆకారమూ తెలియాలి.

హోవర్ ట్యాంకు, అంటే నేలకు తగలకుండా తేలుతూ పోయే ట్యాంకు, కల్పిత బండి కదా అని రంగులు కూడా కల్పించనక్కర్లేదు. 1970లలో అమెరికా సైన్యం వాడిన మెర్డెక్ (MERDC) అనే నాలుగు రంగుల పద్ధతి హోవర్ ట్యాంకులకు చక్కగా నప్పుతుంది. రెండు పెద్ద రంగులు చెరో 45 శాతం, రెండు చిన్న రంగులు చెరో 5 శాతం. చలికాలంలో చెట్టూచేమా ఉన్న నేలకు అడవి పచ్చ, మట్టి గోధుమ, ఇసుక, నలుపు. వేసవి వస్తే గోధుమ స్థానంలో లేత పచ్చ వేసేవారు, మిగతా మూడూ కదలవు. ఈ కిటుకే మనకు పనికొచ్చేది. ఎర్రమట్టి గ్రహం మీద యుద్ధమైతే పచ్చ తీసి ఇటుక రంగు పెట్టండి, అంతే.

నాలుగు ట్యాంకుల దళం ఒకేసారి మొదలుపెట్టండి. ఒక్కొక్కటిగా వేస్తే కలిపిన రంగు రెండోసారి అదే ఛాయలో రాదు. ముందు అంచుల్లో మిగిలిన అచ్చు గీతలు సన్న ఆకురాయితో తీసేసి, గోరువెచ్చని సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది ఆరబెట్టండి. రెజిన్ భాగాల మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటుంది. అది పోకపోతే రంగు పెచ్చులుగా లేస్తుంది. ఆరాక ఒక్కో బొమ్మనూ సీసా మూత మీద బ్లూటాక్‌తో (మెత్తని అతుకు ముద్ద) నిలపండి. టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం) అతికించకండి.

బూడిద రంగు ప్రైమర్ (రంగు పట్టేందుకు వేసే తొలి పూత) స్ప్రేను సుమారు 25 సెంటీమీటర్ల దూరం నుంచి, ఆపి ఆపి, రెండు పలుచని పూతలు కొట్టండి. దగ్గర నుంచి కొడితే ప్యానెల్ గీతలు పూడిపోతాయి. మండుటెండలో దూరం నుంచి కొడితే రంగు గాలిలోనే ఆరి, బొమ్మ ఉప్పుకాగితంలా గరుకవుతుంది.

ఇక రంగులు. చిన్న బొమ్మ మీద ఏ రంగైనా ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది, కాబట్టి సీసాలోది ఉన్నదున్నట్టు వాడొద్దు. మూడు చుక్కల అడవి పచ్చకు ఒక చుక్క ఇసుక రంగు కలపండి. తెల్ల రంగు కలిపితే సుద్ద పూసినట్టు వెలవెలబోతుంది. నలుపుకైతే రెండు చుక్కలకు ఒక చుక్క ఇసుక. అచ్చమైన నలుపు ఈ సైజులో మచ్చలా కాదు, రంధ్రంలా కనబడుతుంది. రెండు పాళ్ల రంగుకు ఒక పాలు నీళ్లు పోసి పలుచన చేసి, మొత్తం బండికి పచ్చ రెండు పూతలు వేయండి.

గోధుమ మచ్చల దగ్గరే ఎక్కువ మంది తప్పు చేస్తారు. నిజం బండి మీద రెండు మీటర్ల మచ్చ ఈ స్కేలులో 7 మిల్లీమీటర్లు. అంటే పైనుంచి చూస్తే బండి మీద నాలుగైదు మచ్చలకు మించి పట్టవు. చిన్న చుక్కలు చాలా పెడితే చిరుతపులి చర్మం అవుతుంది. సన్న బ్రష్‌తో, నీళ్లు ఎక్కువ కలిపిన గోధుమతో ముందు సరిహద్దు గీసుకుని తర్వాత లోపల నింపండి. ప్రతి మచ్చా కనీసం ఒక అంచు దాటి పక్క తలం మీదకు దిగాలి. ప్యానెల్ అంచు దగ్గర ఆగిందంటే అది కామఫ్లాజ్ కాదు, రెండు రంగుల బండి. టరెట్‌ను ముందుకు తిప్పి ఉంచి, కింది మచ్చ దాని మీదకూ సాగనివ్వండి. నాలుగు బండ్లకూ ఒకే నమూనా వేసినా తప్పులేదు. మెర్డెక్‌లోనూ ఒక్కో రకం బండికి ఒక్కో నిర్ణీత నమూనా ఉండేది.

ఇసుక, నలుపు రంగులను పచ్చ, గోధుమ కలిసే చోట్లే వేయాలి. కొమ్మ చీలినట్టు సన్నని తోకలు, బండికి ఒక్కో రంగువి రెండు మూడు. అంతకు మించితే 5 శాతం దాటిపోతుంది, చూపు పెద్ద మచ్చల మీద నిలవదు. ఇక్కడ చేతిని ఆపుకోవడమే కష్టం.

ఆరాక గ్లాస్ (మెరిసే) వార్నిష్ ఒక పూత. దీని మీద వాష్, అంటే నీళ్లు కలిపిన ఇంకు, జారి గీతల్లోకి దిగుతుంది, మ్యాట్ (మెరుపులేని) పూత మీదైతే మరకలు కడుతుంది. డెకాల్స్ (గుర్తులు, అంకెలున్న పలుచని అంటింపు బొమ్మలు) కూడా ఇప్పుడే అంటించాలి. గరుకు తలం మీద అంటిస్తే కింద గాలి చిక్కి, చుట్టూ వెండి పొరలా మెరుస్తుంది. డెకాల్స్ పూర్తిగా ఆరాక ముదురు గోధుమ ఇంకు ఒక పాలు, నీళ్లు మూడు పాళ్లు కలిపి గీతల వెంట పోయనిచ్చి, మూలల్లో నిలిచినదాన్ని పొడి బ్రష్‌తో పీల్చేయండి.

సెన్సర్ కళ్లకు ఎరుపు వేయండి, పచ్చ పక్కన అది దూరం నుంచే పట్టిస్తుంది. కన్ను పై సగం ముదురెరుపు, కింద సగం లేత ఎరుపు, పై మూలలో తెల్ల చుక్క. గాలి బిలాలకు ముదురు బూడిద.

ఆఖరున మ్యాట్ వార్నిష్. వానాకాలం ఉక్కపోతలో, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో, దీన్ని స్ప్రే చేస్తే తెల్లని పొర కమ్ముకుంటుంది. పొడిగా ఉన్న మధ్యాహ్నం దాకా ఆగండి, లేదా బ్రష్‌తో వేసే వార్నిష్ వాడండి. ఇప్పటికే తెల్లబడి ఉంటే రంగు గీకేయొద్దు. దాని మీద పలుచగా గ్లాస్ పూత ఇస్తే చాలాసార్లు తెలుపు కరిగిపోతుంది. అది పూర్తిగా ఆరాక, పొడి రోజు చూసుకుని మళ్లీ మ్యాట్ వేయండి.