పక్షవాతం వచ్చిన మనిషి వెంట బెంగళూరు ఆసుపత్రిలో ఉండేవాళ్లకి

మూతి ఒక పక్కకి పోయిందా, ఎత్తిన చెయ్యి కిందికి జారుతోందా, మాట ముద్దగా వస్తోందా? వెంటనే గడియారం చూసి 108కి ఫోన్ చేయండి. ఎమర్జెన్సీలో డాక్టరు అందరికంటే ముందు అడిగేది, మనిషిని చివరిసారి మామూలుగా ఎప్పుడు చూశారని. రాత్రి పదింటికి బాగా మాట్లాడి పడుకుని, పొద్దున చెయ్యి పడిపోయి లేస్తే లెక్క రాత్రి పదింటి నుంచే. ఆ టైము కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. కంగారులో తలా ఒక టైము చెప్తారు, చికిత్స ఆ టైము మీదే ఆధారపడుతుంది. టైము దాటిందేమోనని మాత్రం ఇంట్లో ఉండిపోవద్దు, స్కాన్ చూశాక చికిత్స చేయగలిగినవాళ్లూ ఉంటారు.

ఇంట్లో నీళ్లు, కాఫీ, మాత్ర ఏదీ నోట్లో వేయొద్దు. మింగడం దెబ్బతిని ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్పిరిన్ అసలే వద్దు. మెదడుకి రక్తం తీసుకెళ్లే నరం మూసుకుపోయిందో, చిట్లి రక్తం కారుతోందో సీటీ స్కాన్ తీసేదాకా ఎవరూ చెప్పలేరు. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టడం కూడా ప్రమాదమే. వాడుతున్న మందుల చీటీలన్నీ సంచిలో వేసుకోండి, ముఖ్యంగా రక్తం పల్చబడే మాత్రలు.

నాది హిందూపురం. ఇక్కడ బెంగళూరులో ఒక ఆసుపత్రి స్ట్రోక్ (పక్షవాతం) వార్డులో ఫిజియోథెరపిస్టుని. మనవాళ్లు పక్షవాతం అనగానే నిమ్హాన్స్ అంటారు. హోసూరు రోడ్డులో ఉన్న ఆ మెదడు, నరాల ఆసుపత్రిలో రాత్రీ పగలూ ఎమర్జెన్సీ ఉంటుంది, మంచిదే. కానీ మీరు వైట్‌ఫీల్డులో ఉంటే, సాయంత్రం ఏడింటికి సిల్క్ బోర్డు దాటేసరికి ఎంతసేపవుతుందో మీకే తెలుసు. సగటున ప్రతి నిమిషం 19 లక్షల మెదడు కణాలు పోతాయి. పేరున్న ఆసుపత్రి కంటే, రాత్రీ పగలూ సీటీ తీసి, నరంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగల దగ్గరి ఆసుపత్రి మేలు. ఈ రెండూ మీ పక్కన ఎక్కడున్నాయో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి. ఊళ్లో జరిగినా ఇదే మాట. అక్కడే దగ్గర్లో ఇంజెక్షన్ దొరికితే వేయించి, తర్వాత బెంగళూరుకి తేవచ్చు.

గడ్డే అయితే 4.5 గంటల లోపు ఆ ఇంజెక్షన్, అంటే ఆల్టిప్లేజ్ గానీ టెనెక్టిప్లేజ్ గానీ ఇస్తారు. పెద్ద నరం మూసుకుంటే తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో సన్నటి గొట్టం దూర్చి గడ్డను లాగుతారు. దీన్ని కొందరికి 24 గంటల వరకూ చేయగలరు. ఇంజెక్షన్ వల్ల కొద్దిమందికి మెదడులో రక్తం కారే ప్రమాదం ఉంది, అందుకే సంతకం అడుగుతారు. అడగాల్సింది అడగండి, కానీ ఊరి నుంచి బావగారు వచ్చాక చూద్దామని మాత్రం కూర్చోకండి.

ఇక నా పని. మొదటి 24 గంటలు బలవంతంగా నడిపించమని అడగొద్దు. తర్వాత కూడా కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు చేయించడమే మేలు. నేను రోజూ మొత్తుకునేది భుజం గురించి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపొద్దు, చంక కింద చెయ్యి వేసి లాగొద్దు. కండ పట్టు తప్పిన భుజం కీలు జారుతుంది, ఆ నొప్పికి మనిషి వ్యాయామమే మానేస్తాడు. పడుకున్నప్పుడు ఆ చెయ్యి దిండు మీద ఉండాలి. వార్డులో పడక పక్కన నిలబడి దిండు ఎక్కడ పెట్టాలో, మనిషిని ఎటు తిప్పాలో ఇంటికెళ్లే ముందే మాచేత నేర్పించుకోండి. తనంతట కదల్లేకపోతే రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి.

మింగడం పరీక్షించి స్పీచ్ థెరపిస్టు సరేననేదాకా చెంచాడు జావ కూడా పట్టకండి. మాట పోయినవాళ్ల దగ్గర, మనవాళ్లకి ఇక్కడ ఒక చిక్కుంది. థెరపిస్టుకి కన్నడ, ఇంగ్లీషు వస్తాయి. మన పెద్దాయనకి తెలుగే వస్తుంది. అలాంటప్పుడు మీరు పక్కన కూర్చోవాలి. ఆయన రోజూ వాడే మాటలు, మనవళ్ల పేర్లు, తినే వస్తువులు రాసిచ్చి, ఇవి నేర్పండమ్మా అని అడగండి. ఒకటి రెండు మూడు, ఆదివారం సోమవారం, చిన్నప్పటి పద్యాలు చాలామందికి ముందుగా నోటికొస్తాయి. రాగంలో అనిపించండి. "నీళ్లు కావాలా, పాలు కావాలా" అని అడిగి ఆగండి. ఆయన బదులు మీరు చెప్పేయకండి. మాట రానంత మాత్రాన బుద్ధి పోయినట్టు కాదు, ఆయన ముందే ఖర్చుల గురించి గుసగుసలాడితే అన్నీ అర్థమవుతాయి.

మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా వస్తుంది, ఆ తర్వాతా ఆగిపోదు. పావురం రక్తం పూయిస్తామని ఆ విలువైన వారాలు పోగొట్టుకోకండి. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మంది దిగులులో పడతారు. తిండి, నిద్ర, వ్యాయామం మీద ఇష్టం పోతే డాక్టరుకి చెప్పండి, దానికి మందుంది.

డిశ్చార్జి రోజు బీపీ ఎంతలో ఉండాలో, రక్తం పల్చబడే మాత్ర ఎన్నాళ్లో, గుండె లయ చూసే పరీక్ష అయిందో లేదో రాయించుకోండి. బాత్రూములో పట్టుకునే కడ్డీ ఆ రోజుకే బిగించి ఉండాలి.